'రీడ్ అవుట్' అంటే మనకు వినపడేట్టు చదవడం

(గూడెం కార్యకర్తల ఆదివారం తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టం గురించి చెబుతామంటే మీరంతా వచ్చారు. చట్టంలోకి పోయేముందు ఒక ఇంగ్లీషు ముక్క చెప్పుకుందాం. మేం బడిలో ఏళ్ల తరబడి చెబుతున్నదే.

'రీడ్' అంటే చదవడం. దాని పక్కన 'అవుట్' చేరితే 'రీడ్ అవుట్'. అవుట్ అంటే బైట గదా, బైటికెళ్లి చదవడం అనుకునేరు! కాదు. ఎదుటివాళ్ల చెవిన పడేట్టు పైకి చదివి వినిపించడం. హాజరుపట్టీలో పేర్లు మేం కళ్లతో చూసుకుంటే అది 'రీడ్'. పిల్లలు 'ప్రెజెంట్ సార్' అనేట్టు పిలిస్తే 'రీడ్ అవుట్'. దీనికి చదివేవాడొక్కడే చాలడు, వినేవాళ్లూ ఉండాలి.

ఇది మనకెందుకంటారా? 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఈ మాట ఉంది. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు, నాలుగో సెక్షన్లో అధికారుల విధులు వరసగా రాశారు. మొట్టమొదటి విధి ఇదే. మనం నోటితో చెప్పింది స్టేషన్ అధికారి రాశాక, సంతకం తీసుకోబోయే ముందు, దాన్ని మనకు 'రీడ్ అవుట్' చెయ్యాలి. సంతకం అయ్యాక కాదు, ముందు.

మరి జరిగేదేంటి? ఒకసారి మేము ఒక తల్లి వెంట స్టేషన్‌కు పోయాం. బోరింగు దగ్గర కులం పేరెత్తి తిట్టారు, బిందె తన్నారు అని ఆమె చెప్పింది. రైటరు గబగబా రాసి 'వేలిముద్ర వెయ్యమ్మా' అన్నాడు. చదవండి అన్నాం. కాగితం వంక చూసి, పెదాలు కదిపి, 'చదివా' అన్నాడు. నిజమే, అది రీడే. అవుట్ ఏది? పట్టుబట్టి పైకి చదివిస్తే ఏముంది, 'నీళ్ల దగ్గర ఇరుపక్షాలు గొడవపడ్డారు' అని ఉంది. కులం ఊసే లేదు. ఆ ఊసు లేకపోతే ఈ చట్టం కింద కేసు కట్టనే కట్టరు. ఆమె సిరా అంటిన వేలు చీరకు తుడుచుకుని, 'మళ్లీ రాయి నాయనా' అంది. రాశాడు.

వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పొయ్యమంది గౌతమ ధర్మసూత్రం. అక్షరం మన చెవిదాకా రానివ్వని బుద్ధి ఇవ్వాల్టిది కాదు.

వాడకం సంగతి పిల్లలు రాసుకోండి. 'రీడ్ ఇట్ అవుట్' అనాలి. 'రీడ్ అవుట్ ఇట్' తప్పు. 'ఇట్' లాంటి చిన్నమాట మధ్యలోనే కూర్చుంటుంది. పెద్దలకు ఆ తిప్పలక్కర్లేదు. స్టేషన్లో 'చదవండి' అని ఊరుకోక 'చదివి వినిపించండి' అంటే చాలు. నకలు అక్కడికక్కడే అడగండి, పైసా కట్టనక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ విధులు ఎగ్గొడితే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు ఉంది.

వచ్చే ఆదివారం మీ ఇళ్లల్లో ఉన్న ఎఫ్ఐఆర్ నకళ్లు తెండి. ఇంటర్ చదివే పిల్లలు ఇక్కడే పైకి చదువుతారు.