ఆటస్థలానికి దారి

(మోపిదేవిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 నవంబరు 2 రాత్రి భారత మహిళలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ రాత్రి కులం, పార్టీ పక్కనపెట్టి అందరం సంతోషించాం. క్రీడలు మనుషుల్ని కలుపుతాయన్నది ఉత్త మాటేమీ కాదు. అయితే టీవీ ముందు కలవడం వేరు, మైదానంలో కలవడం వేరు. మైదానంలో కలవాలంటే ముందు అక్కడిదాకా వెళ్లగలగాలి. ఎవరు వెళ్లగలరో చాలావరకు ఊరి ప్లానే తేల్చేస్తుంది.

మైదానం అనగానే చలం నవల గుర్తొచ్చేవాళ్లు మనలో చాలామంది ఉంటారు. రాజేశ్వరిలా ఇల్లు విడిచి వెళ్లమని నేను చెప్పడం లేదు. సాయంత్రం గంటసేపు వాలీబాల్ ఆడుకుని భయం లేకుండా ఇంటికి రాగలగాలి, అంతే. ఆ మాత్రానికే ఎన్ని అడ్డంకులో!

2023 డిసెంబరు 26న ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలైంది. సచివాలయం స్థాయి నుంచి క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు పెట్టారు. స్త్రీలకూ విడిగా జట్లున్నాయి. 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసింది. ఆహ్వానం ఉంటే అమ్మాయిలు బరిలోకి దిగుతారని దానితో తేలింది. మరి పోటీలయ్యాక? ఏ ఊళ్లోనైనా సాయంత్రం మైదానానికి వెళ్లి చూడండి. మధ్యలో మగపిల్లల క్రికెట్. ఆడపిల్లలు కనబడరు. ఇంట్లో అంట్లు, తమ్ముడు, నీళ్లు. వచ్చినా మరుగుదొడ్డి ఉండదు, దారిలో దీపం ఉండదు, గట్టుమీద కూర్చుని కామెంట్లు చేసేవాళ్లు మాత్రం ఉంటారు. దీన్ని ‘ఆసక్తి లేకపోవడం’ అంటారు మన అధికారులు.

ఇలాంటి సంగతి వియన్నా నగరంలోనూ బయటపడింది. తొమ్మిది పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని 1990ల్లో అక్కడి సామాజిక పరిశోధన గుర్తించింది. ఒకే పెద్ద ఖాళీ స్థలం ఉన్నచోట మగపిల్లలదే పెత్తనం. 1999లో రెండు పార్కులను మార్చారు. స్థలాన్ని భాగాలుగా విడగొట్టారు, కాలిబాటలు వేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. వాళ్లకెవరూ ధైర్యం గురించి ఉపన్యాసాలివ్వలేదు.

మోపిదేవి పంచాయతీయే కదా, ఇక్కడ నగర ప్రణాళిక మాటెందుకని అడగొచ్చు. పొలాలు ప్లాట్లుగా మారేచోట ప్రణాళిక అప్పుడే మొదలైంది, మనల్ని అడగకుండా. ఇదే కృష్ణ ఒడ్డున, ఎగువన అమరావతిని చూడండి. నవ నగరాల్లో ఒకదానికి క్రీడా నగరం అని పేరు పెట్టారు. ఆ రాజధాని కోసం 2015 నుంచి 33,000 ఎకరాలకు పైగా సమీకరించారు. అరటి, పూలు, కూరగాయల తోటల్లో కూలికి వెళ్లిన స్త్రీలకు ఆ పనులు పోయాయి. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పెన్షన్ అన్నారు. స్టేడియం బొమ్మ గీసినవాళ్లు ఆ కూలి స్త్రీని పిలిచి, నీ కూతురు ఎక్కడ ఆడుకోవాలి అని అడిగి ఉంటారా? నాకు నమ్మకం లేదు.

దివిసీమలో ఇంకో మాట కూడా ఉంది. ఇక్కడ మెరక అంటే ప్రాణం. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తుపాను రక్షిత భవనం పక్కనే మెరక చేసిన ఆటస్థలం ఉంటే, నీళ్లూ మరుగుదొడ్డీ దీపమూ రెంటికీ పనికొస్తాయి. రోజూ ఆడుకునే చోటికి దారి ఆడవాళ్లకు చీకట్లోనూ తెలుస్తుంది. తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునే పని ఉండదు. ఇది పెద్ద ఖర్చేమీ కాదని నా అభిప్రాయం, ఇంజనీర్లు ఏమంటారో మరి.

లేఅవుట్ నిబంధనల ప్రకారం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు స్త్రీలవి. కనుక వచ్చే గ్రామసభలో మన సర్పంచులను, వార్డు మెంబర్లను వెంటబెట్టుకుని ఆ 10 శాతం ఏ సర్వే నంబరులో ఉందో కాగితం అడుగుదాం. కాగితం దొరికాక ఆ స్థలానికి నడిచి వెళదాం. పగలు వద్దు, సాయంత్రం ఏడింటికి, మన ఆడపిల్లలతో.