చెరువు అందరిదన్నారు, మెట్లేవీ?
(సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్‌సైట్ల గోల మనకెందుకని వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు అందులోనే, కుల ధ్రువపత్రం అందులోనే, హాల్‌టికెట్టూ అందులోనే. అందుకని మనకే.

చూపులేని మన పిల్లలు కంప్యూటర్ ఎట్లా వాడతారో చాలామందికి తెలీదు. ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. తెర మీది రాతను పైకి చదివి వినిపిస్తుంది. వాళ్లు మౌస్ పట్టరు, ట్యాబ్ మీట నొక్కుకుంటూ పోతారు. సైటు కట్టినవాడు పేరు రాయడానికి బద్ధకించి ఉత్త బొమ్మ పెట్టి వదిలేస్తే, ఆ పిల్లకు వినపడేది 'బటన్' అన్న ఒక్క మాటే. ఏ బటన్? దరఖాస్తు పంపేదా, చెరిపేసేదా? ఆపైన క్యాప్చా. వంకర అక్షరాలు చూసి కొట్టి, నువ్వు మనిషివేనని రుజువు చేసుకోవాలట! ఆ రుజువు అడిగించుకోవడం మనకు కొత్తగాదు లెండి.

తెలుగు కాగితాలది ఇంకో గోస. ఉత్తర్వును స్కాన్ చేసి పెడితే మన కంటికది రాత, యంత్రానికి ఉత్త ఫోటో. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిందైతే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తాయి.

తెల్లకాగితం మీద లేత బూడిద రాతలు ముసలివాళ్లకూ ఆనవు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ 4.5:1 తేడా ఉండాలన్నది ప్రమాణం. 2025లో వెబ్‌ఎయిమ్ సంస్థ 10 లక్షల హోంపేజీలు పరీక్షిస్తే 94.8 శాతంలో లోపాలు దొరికాయి. అందరికంటే ముందున్నది ఈ రంగుల లోపమే.

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. దానికింద రాసిన 15వ నిబంధన ఇష్టముంటే పాటించండన్నట్టు ఉందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కళ్లార్పితేగానీ కేవైసీ కాదన్న పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులు కోర్టుకెక్కితే, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న చెప్పింది.

ఈ కత మనమెరిగిందే. చెరువులూ బావులూ అందరివని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ సరేనంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయేదాకా చవదార్ చెరువు నీళ్లు మనోళ్ల దోసిట్లోకి రాలేదు.

మేం అడిగేది ఒక్కటి. కొత్త సైటు బిల్లు చెల్లించే ముందు చూపులేని మనిషిని కూచోబెట్టి, కూలిచ్చి, దరఖాస్తు మొదట్నించి చివరిదాకా నింపించండి. ఆ మనిషి ఆగిపోతే, బిల్లూ అక్కడే ఆపండి.