అక్కతో చిందు ఆట



మన జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాల్లో 19,000 ప్రదర్శనలిచ్చిన మనిషి. ఆ సంతోషంలో మహబూబాబాద్ నుంచి మా అక్కను రప్పించి, జనగామ దగ్గర ఒక ఊళ్లో మధ్యాహ్నం పూట వేరే మేళంవారు ఆడిన కీచకవధ చూపించాను.

ఒకప్పుడు తెల్లవార్లూ సాగిన ఆట, మూడు గంటల్లో ముగించారు. ముఖాలకు అరదళం, ఒంటిమీద చెక్క ఆభరణాలు మాత్రం అవే. భాగవతాల్లో చాలాచోట్ల ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. చిందులో స్త్రీలు కట్టడం పాత అలవాటే. సైరంధ్రి రాగానే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్నతనంలో నాయిన నన్ను ఆటకు పంపి, ఆడపిల్లని ఆమెను ఇంట్లోనే ఉంచేవాడు. పొద్దున్నే నేను వచ్చి చెప్పిందే ఆమెకు ఆట. 76 ఏళ్లకు ఇదే మొదటిసారి చూడటం.

"తమ్మీ, నువ్వు యుద్ధమే చెప్తివి. ఆమె ఏడ్చిన సంగతి ఎన్నడూ చెప్పకపోతివి" అన్నది.

చూసేవాళ్లు నలభై మంది లేరు. పళ్లెంలో పడ్డ చిల్లర పది మంది మేళానికి ఏపాటి? అక్క కొంగుముడి విప్పి 500 వేసింది. అందుకే అడుగుతున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మిత్రులం తలా కొంత వేసుకుని ఈసారి వార్షికోత్సవానికి ఒక చిందు మేళాన్ని పిలుద్దాం. ఆట మధ్యాహ్నమే పెట్టించండి, ఇంటి ఆడవాళ్లూ రాగలుగుతారు.