కారు రైట్-ఆఫ్ అయితే ఆ సంగతి మీకెవరు చెప్తారు?

ఈ ఎపిసోడ్ నా బీటెక్ రూమ్మేట్ పుణ్యమే. వాడు ఎంఎస్‌కని ఇంగ్లండ్ వెళ్లాడు, ఇప్పుడు కోవెంట్రీలో జాబ్. నైట్ షిఫ్ట్ అయ్యాక బస్సులు దొరకవని 2,600 పౌండ్లు పెట్టి ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. అమ్మింది డీలర్ కాదు, మామూలు ఓనరే. లాగ్‌బుక్ క్లీన్‌గా ఉంది. ఎంఓటీ, అంటే అక్కడ ఏటా చేసే ఫిట్‌నెస్ టెస్ట్, పాసైంది. ఏడు నెలల తర్వాత అమ్ముదామని ఒక సైట్‌లో నంబర్ కొడితే 'క్యాటగిరీ ఎన్' అని వచ్చింది. వెంటనే నాకు వీడియో కాల్. "మామా, ఎన్ అంటే నార్మలేనా?"

కాదు. ఆ కారుని ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ రైట్-ఆఫ్ చేసిందని అర్థం.

బ్రిటన్‌లో రైట్-ఆఫ్ బళ్లకి నాలుగు అక్షరాలున్నాయి. ఏ అంటే మొత్తం తుక్కే, ఒక్క పార్టు కూడా తీయకూడదు. బీ అంటే పార్టులు తీసుకోవచ్చు గానీ బాడీని నలిపేయాలి. ఈ రెండూ మళ్లీ రోడ్డెక్కకూడదు. ఎస్ అంటే స్ట్రక్చర్ దెబ్బతింది, రిపేరు చేసి నడపొచ్చు. ఎన్ అంటే స్ట్రక్చర్ బాగానే ఉంది, దెబ్బ వేరేచోట. 2017 అక్టోబర్‌కి ముందు ఈ రెండింటి చోట సీ, డీ ఉండేవి. పాత బళ్ల మీద అవి ఇంకా కనిపిస్తాయి.

ఎన్ అనగానే భయపడక్కర్లేదు. అక్కడ లేబర్ ఖరీదు. పాత కారుకి ఒక డోరు, బంపరు, కాస్త పెయింటు అంటేనే బిల్లు కారు రేటు దాకా పోతుంది. అలాంటప్పుడు రిపేరు దండగని కంపెనీ డబ్బులిచ్చేస్తుంది. కానీ అదే ఎన్‌లో బ్రేకులు, స్టీరింగ్ దెబ్బతిన్న బండి కూడా ఉండొచ్చు. మీ ముందున్నది ఏదో ఆ అక్షరం చెప్పదు.

మరి లాగ్‌బుక్‌లో ఎందుకు లేదు? ఇక్కడే మావాడు దెబ్బతిన్నాడు. రైట్-ఆఫ్ అయితే ఓనరు డీవీఎల్ఏకి, అంటే అక్కడి ఆర్టీఏ లాంటి ఆఫీసుకి, చెప్పాలి. చెప్పకపోతే 1,000 పౌండ్ల దాకా ఫైన్. ఎస్ అయితే కొత్త లాగ్‌బుక్‌లో ఆ సంగతి రాస్తారు. ఎన్ అయితే రాయరు! పాత లాగ్‌బుక్కే నడుస్తుంది. వివరం మాత్రం ఇన్సూరెన్స్ వాళ్ల రిజిస్టర్‌లో ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటాబేస్ ఉంది, నోటిఫికేషన్ లేదు. కొనేవాడే వెళ్లి వెతుక్కోవాలి. ప్రభుత్వ సైట్‌లో ఫ్రీగా ట్యాక్స్, ఎంఓటీ చూపిస్తారు, ఈ క్యాటగిరీ చూపించరు. దానికి డబ్బులు కట్టి హిస్టరీ చెక్ చేయించాలి. ఒక బిర్యానీ, కూల్‌డ్రింక్ ఖర్చు. మావాడు అది మిగుల్చుకున్నాడు.

ఇంకోటి. డీలరైతే ఇలాంటిది దాచకూడదు. మామూలు ఓనరు తనంతట తాను చెప్పక్కర్లేదు, కానీ అడిగితే అబద్ధం చెప్పకూడదు. కాబట్టి డబ్బులిచ్చే ముందే మెసేజ్ పెట్టండి: "ఈ కారు ఎప్పుడైనా రైట్-ఆఫ్ అయిందా? ఏ క్యాటగిరీ?" ఫోన్లో వద్దు, రాతలోనే అడగండి. రేపు గొడవైతే చూపించడానికి ఉంటుంది.

మన దగ్గర సంగతేంటని కామెంట్లలో అడుగుతారు, తెలుసు. ఇక్కడ ఈ అక్షరాలే లేవు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్, అంతే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికెళ్తే సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి.

సరే, మావాడి కారు. ఇప్పుడు అమ్మేది వాడు. "నాకెవడూ చెప్పలేదు కదా మామా, అడక్కపోతే నేనెందుకు చెప్పాలి?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. రెండు రోజులాగి యాడ్ లింకు పంపాడు. మొదటి లైన్‌లోనే 'క్యాట్ ఎన్' అని ఉంది, రేటు 700 పౌండ్లు తగ్గించాడు. నిన్నటికి ఒక్క ఫోనొచ్చిందట. ఆదివారం చూడ్డానికొస్తామన్నారట.