ధనగోపాల్ ముఖర్జీ: పరాయి పాఠకుడికి మన ఇంటి కథ



పిల్లల చేత పుస్తకాలు చదివించడమే పనిగా బతికిన ఒక ఉపాధ్యాయుణ్ణి తలుచుకునే సభ ఇది. ఇక్కడ పిల్లల రచయిత గురించి మాట్లాడటమే న్యాయమనిపించింది. అందుకే ధనగోపాల్ ముఖర్జీ గారిని ఎంచుకున్నాను.

1890లో బెంగాల్‌లో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారాయన. అన్న జాదూగోపాల్ పేరుమోసిన విప్లవకారుడు. ధనగోపాల్ చదువు కోసం జపాన్ వెళ్ళి, అక్కణ్ణించి 1910లో అమెరికా చేరారు. కాలిఫోర్నియా పొలాల్లో కూలి చేశారు. బర్క్‌లీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1914లో పట్టా పుచ్చుకున్నారు.

ఆనాటి అమెరికా పాఠకుడికి ఇండియా అంటే పాములవాళ్ళు, మహారాజులు, లేదంటే మిషనరీలు చెప్పే అజ్ఞానపు జనం. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. సరిగ్గా అదే ఏడు ముఖర్జీ ఆత్మకథ 'కాస్ట్ అండ్ అవుట్‌కాస్ట్' వెలువడింది. అందులో మొదటి భాగం ఇక్కడి బాల్యం, రెండో భాగం అక్కడి కూలి బతుకు. మనల్ని వాళ్ళకు చూపిన కళ్ళతోనే వాళ్ళనూ చూసి రాశారు. పరిచయమంటే ఇరువైపులా జరగాల్సిన పని అని ఆయన ఎరుగుదురు.

1927లో వచ్చిన 'గే నెక్' ఒక పావురం కథ. ఆ పక్షి పేరు చిత్రగ్రీవం. చిన్నయసూరి మిత్రలాభం చదువుకున్న మనకు చిత్రగ్రీవుడు కొత్తవాడు కాడు. వలలో చిక్కిన పావురాలన్నిటినీ ఒక్కుమ్మడిగా ఎగిరించిన రాజు. ముఖర్జీ చిత్రగ్రీవం మాత్రం కలకత్తా మేడమీద పెరుగుతుంది. అది ఎగరడం నేర్చుకునే ఘట్టం చూడండి. పిల్లకు రెక్కలు వచ్చినా భయం పోలేదు. తండ్రి పావురం దాన్ని కసిరి, తరిమి, డాబా అంచుకు నెట్టుకుపోతుంది. పిల్ల కాలు జారి పడబోతూ ప్రాణభయంతో రెక్కలు విప్పుతుంది. అంతే, గాలిలో ఉంది! పాఠకుడు ఏ దేశపు పిల్లవాడైనా సరే, ఆ క్షణంలో ఆ డాబా అతనిదే అయిపోతుంది.

ఆ పావురం మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళి, తుపాకుల మధ్య సందేశాలు మోస్తుంది. తిరిగొచ్చాక భయం పట్టుకుని ఎగరలేకపోతుంది. హిమాలయాల్లో ఒక బౌద్ధ లామా దాన్ని భయం నుంచి విడిపిస్తాడు. భయమూ ద్వేషమూ మనసుకు పట్టే విషాలన్న మన నమ్మకాన్ని ముఖర్జీ ఉపన్యాసంగా చెప్పలేదు. పక్షి కోలుకోవడంలో చూపించారు. 1928లో అమెరికా బాలసాహిత్యంలో అత్యున్నతమైన న్యూబరీ పతకం ఈ పుస్తకానికి దక్కింది. పౌరసత్వానికి పనికిరాదన్న జాతివాడికి ఆ దేశపు గ్రంథాలయ లోకం ఇచ్చిన గౌరవమది.

అమెరికన్ రచయిత్రి కేథరీన్ మేయో 1927లో 'మదర్ ఇండియా' రాసి, మనం స్వరాజ్యానికి తగమని చాటినప్పుడు, మరుసటి ఏడే ముఖర్జీ చిన్న పుస్తకంతో జవాబిచ్చారు. రామకృష్ణ పరమహంసపై ఆయన రాసిన 'ది ఫేస్ ఆఫ్ సైలెన్స్' ఫ్రెంచి రచయిత రొమా రోలాను కదిలించింది. ఫ్రెంచిలో రోలా రాసిన రామకృష్ణుల జీవితచరిత్ర వెలువడటానికి అది దారి తీసింది. 1936లో న్యూయార్క్‌లో, 46 ఏళ్ళకే, ముఖర్జీ మరణించారు.

ఒక లోటు కూడా చెప్పాలి. ముఖర్జీ చూపిన ఇండియా అగ్రవర్ణపు ఇంట్లో పుట్టినవాడు ఎరిగిన ఇండియా. ఊరి చివర వాడల్లో బతికినవాళ్ళు తమ గొంతుతో చెప్పుకోవాల్సిన కథ వేరే ఉంది. ఏ ఒక్క రచయితా దేశమంతటికీ ప్రతినిధి కాలేడు. 1936లో న్యూయార్క్‌లో, 46 ఏళ్ళకే, ముఖర్జీ మరణించారు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళు డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ పుట్టిన పిల్లలకు మన ఊళ్ళు పరాయివే. వాళ్ళ చేతికి పండగల జాబితా, పూర్వవైభవాల చిట్టా ఇస్తే సరిపోదు. మన గొప్పలు చెప్పుకోవడం వల్లగానీ, మన లోపాలకు సంజాయిషీ ఇచ్చుకోవడం వల్లగానీ ఎవరికీ మనం అర్థం కాము. మగ్గం ఎరిగినవారు మగ్గం గురించి, చేపల వేట ఎరిగినవారు వేట గురించి, అణువణువూ తెలిసినంతగా రాయాలి. చదివేవాడి తెలివిని నమ్మి రాయాలి. ముఖర్జీ మనకు చూపిన దారి అదే. రాయగలిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళు ఆ పని మొదలుపెట్టాలని నా కోరిక.