పెద్ద డాక్టరుగారు వెళ్ళిపోతే...



మంచి పేరున్న డాక్టరుగారు పెద్దాసుపత్రి వదిలి వెళ్ళిపోతున్నారంటే మనకు దిగులు పుడుతుంది. "ఇక మనకు దిక్కెవరమ్మా!" అనుకుంటాం. అది సహజమే. కాని అది వైద్యం నేర్పే ఆసుపత్రి అయినప్పుడు మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆయన ఎవరిని తయారుచేసి వెళ్తున్నారు?

అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో తెరిచారు. కెనడాలో పుట్టిన విలియం ఆస్లర్ దానికి ప్రధాన వైద్యుడయ్యారు. దాని వైద్య కళాశాల మాత్రం డబ్బు చాలక ఆగిపోయింది. అప్పుడు ఆదుకున్నది స్త్రీలే సుమండీ! మేరీ గారెట్ అనే ఆవిడ మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చి, మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలనూ చేర్చుకోవాలని షరతు పెట్టారు. 1893లో కళాశాల మొదలైంది. ఆస్లర్ గారు విద్యార్థులను పాఠాల గదిలోంచి రోగి మంచం దగ్గరికి నడిపించారు.

పేరుతోపాటు రోగుల తాకిడీ పెరిగింది. ఆయన అలిసిపోయారు. 1904లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పిలుపు వచ్చింది. ఆయన ఇంగ్లండులో ఉండి ఊగిసలాడుతుంటే, భార్య గ్రేస్ ఇక జాగు చేయవద్దని, వెంటనే ఒప్పుకోమని తంతి పంపారు. నలిగిపోవడం దగ్గరుండి చూసిన ఇల్లాలు కదా!

1905 ఫిబ్రవరి 22న ఆయన వీడ్కోలు ఉపన్యాసం ఇచ్చారు. ఆచార్యులు ఒకేచోట పాతుకుపోవడం సంస్థకు మంచిది కాదన్నారు. నలభై దాటిన వారి వల్ల ప్రయోజనం తక్కువనీ, అరవై దాటితే క్లోరోఫారమే గతి అనీ ఒక నవలను తలచుకుని చమత్కరించారు. పత్రికలు వేళాకోళాన్ని నిజమనుకుని దుమారం లేపాయి. అసలు మాట మరుగున పడింది.

అప్పుడాయనకు 55 ఏళ్ళు. ఆయన స్థానంలోకి, అక్కడే పనిచేసి అనుభవం గడించిన లెవెలిస్ బార్కర్ వచ్చారు. మనిషి వెళ్ళినా, రోగి పక్కన నిలబడి నేర్చుకునే పద్ధతి నిలిచింది.

మనకిందులో పని ఏముందంటారా? ఉంది. పెద్ద డాక్టరు వెనక నిలబడిన కుర్రడాక్టర్లను చూసి "వీళ్ళకేం తెలుసు?" అని విసుక్కుంటాం. ఇష్టంలేని పరీక్ష వద్దనే హక్కు మనకెప్పుడూ ఉంది. కాని అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెప్పండి. పెద్దాయన వెళ్ళిపోయిన రోజున మన పిల్లల నాడి చూడవలసింది వాళ్ళే.