మోటారు చప్పుడును కనిపెట్టుట - స్మార్టుఫోను సహాయము

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సంతలో కుండ కొనేటప్పుడు మనము దానిని వేలితో తట్టి చూస్తాము. ఖంగుమని మ్రోగితే డబ్బు ఇస్తాము, బీటవారిన చప్పుడు వస్తే పక్కన పెడతాము. పుచ్చకాయను తట్టి చూస్తాము. బండి ఇరుసు కిర్రుమంటే కందెన వేస్తాము. చెవితో పరీక్ష చేయుట మనకు ఎవరూ క్రొత్తగా నేర్పనక్కరలేదు. ఈనాడు నేను చెప్పబోయేది ఆ చెవికి తోడుగా, మీ జేబులోనే ఉన్న స్మార్టుఫోనును ఎట్లా వాడుకోవచ్చునన్న సంగతి.

నేను సస్యశాస్త్రము బోధించేవాడిని, ఇంజనీరును కాను. మోటార్ల జోలి నీకెందుకని మీరు అడగవచ్చును. కారణము చెబుతాను. నేను చదువుకొంటున్న రోజులలో మా నాన్నగారి బావి మీద ఉన్న 5 హార్సుపవరు మోనోబ్లాకు మోటారు పది రోజులుగా సన్నగా అరుస్తూ ఉండేది. గ్రీజు అయిపోయి ఉంటుంది, తీరికగా చూద్దామన్నారు నాన్నగారు. దాళ్వా వరి అప్పుడు పొట్ట దశలో ఉన్నది. ఒక రాత్రి బేరింగు పట్టేసి మోటారు కాలిపోయింది. రివైండింగు చేయించి మళ్లీ బిగించేటప్పటికి ఎనిమిది రోజులు పట్టినది. వరికి చిరుపొట్ట దశ నుంచి పూత వరకు నీరు తప్పరాదని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడిని, ఆ ఎనిమిది రోజులూ గట్టు మీద నిలబడి నెర్రెలు చూడవలసి వచ్చినది. ఆ ఏడు మా చేలో తాలు ఎక్కువ. ఆ పది రోజులూ సెల్‌ఫోను నా జేబులోనే ఉన్నది. దానితో ఈ పని చేయవచ్చునని నాకు అప్పుడు తెలియదు.

ముందుగా శబ్దమంటే ఏమిటో రెండు మాటలు. ఏ వస్తువైనా కదిలితే దాని చుట్టూ ఉన్న గాలి కదులుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఆ కదలిక ముందుకూ వెనుకకూ జరుగుతుందో ఆ సంఖ్యను పౌనఃపున్యము అంటారు. దాని కొలమానము హెర్ట్జ్. సెకనుకు వంద కంపనలైతే 100 హెర్ట్జ్. ఒక మోటారు చేసే చప్పుడులో ఒకే కంపన ఉండదు. ఇరుసు తిరుగుట, రెక్కలు నీటిని కొట్టుట, ఇనుపరేకులు విద్యుత్తుకు అదురుట, బేరింగు గుండ్లు దొర్లుట, ఇవన్నీ కలగలసి ఒకటే హోరుగా మన చెవిని చేరుతాయి. ఈ కలగాపులగాన్ని మళ్లీ విడివిడి కంపనలుగా లెక్కగట్టే గణిత మార్గానికి పునాది వేసినవాడు ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫోరియే. ఆయన ఉష్ణమును గురించి వ్రాసిన గ్రంథము 1822లో వెలువడినది. అయితే ఆ లెక్క మహా పెద్దది. 4,096 నమూనాలను సూటిగా లెక్క వేయాలంటే ఒక కోటి అరవై ఏడు లక్షల పైచిలుకు గుణకారములు కావలెను. 1965లో అమెరికాలో కూలీ, టూకీ అనే ఇద్దరు ప్రచురించిన దగ్గరి దారిలో అదే లెక్క సుమారు యాభై వేలతో తేలిపోతుంది. ఆ దారి వల్లనే ఇంత చిన్న ఫోను మన కళ్లయెదుటనే, చప్పుడు వినబడుతూ ఉండగానే, దాని బొమ్మ గీయగలుగుతున్నది.

ఫోను మైకు ద్వారా వచ్చే శబ్దాన్ని సెకనుకు సాధారణంగా 44,100 లేక 48,000 సార్లు కొలుస్తుంది. స్పెక్ట్రాయిడ్, ఫైఫాక్స్ వంటి ఆప్‌లు ఆ కొలతలను తీసుకొని తెర మీద బొమ్మ చూపుతాయి. ఫైఫాక్స్‌ను జర్మనీ దేశములోని ఆహెన్ విశ్వవిద్యాలయము వారు 2016లో విడుదల చేసినారు, దానికి డబ్బు చెల్లించనక్కరలేదు. బొమ్మలో ఎడమ నుంచి కుడికి పౌనఃపున్యము పెరుగుతుంది. ఎక్కడ గీత నిట్టనిలువుగా లేచి ఉంటే ఆ కంపన అంత బలముగా ఉన్నదన్నమాట. మరొక రకపు బొమ్మలో కాలము కూడా కనిపిస్తుంది, గడచిన క్షణాల గీతలు తెర మీద వరుసగా జరిగిపోతూ ఉంటాయి. మనకు ఈ రెండవ బొమ్మే ఎక్కువ పనికివస్తుంది. ఎందుకో తరువాత చెబుతాను.

ఇక మోటారు దగ్గరకు వెళ్దాము. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల మోటారు లోపలి ఇనుము దానికి రెట్టింపుగా, అనగా 100 హెర్ట్జ్ దగ్గర జుమ్ముమంటుంది. అది ప్రతి మోటారులోను ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. రెండవది ఇరుసు వేగము. మోటారు మీది రేకు చూడండి. 2,880 అని ఉన్నదనుకొందాము. అది నిమిషానికి తిరిగే చుట్లు, అరవైతో భాగిస్తే సెకనుకు 48. పంపు లోపల ఇంపెల్లరుకు ఆరు రెక్కలుంటే ఒక్కొక్క చుట్టుకు ఆరు దెబ్బలు, కాబట్టి 48ని 6 పెట్టి గుణిస్తే 288 హెర్ట్జ్ దగ్గర ఒక గీత లేవవలెను. రెక్కలు ఎన్నో పంపు విప్పినప్పుడు లెక్కపెట్టి వ్రాసుకొనండి. మెకానికును అడిగితే చాలునని ఊరుకోకండి, మీ కంటితో చూడండి.

ఈ ఒక్క గీతతోనే మోటారు వేగము తెలుస్తుంది. అది 288 నుంచి 276కు దిగినదంటే ఇరుసు సెకనుకు 46 చుట్లే, అనగా నిమిషానికి 2,760 మాత్రమే తిరుగుతున్నదన్నమాట. వోల్టేజి పడిపోయినా, ఒక ఫేజు పోయినా, ఇరుసు బిగుసుకొన్నా ఇట్లా జరుగుతుంది. అప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వోల్టుమీటరు చూచి కారణము తేల్చుకొనవలెను.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కరెంటు జుమ్ము 100 దగ్గర మాత్రమే ఆగక 200, 300 దగ్గర కూడా చిన్న గీతలు వేస్తుంది. 288కీ 300కీ తేడా 12 మాత్రమే. ఆప్ 4,096 నమూనాలతో లెక్క వేస్తూ ఉంటే అది చూడగల అతి చిన్న తేడా సుమారు 11 హెర్ట్జ్. అప్పుడు ఆ రెండు గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి మనలను మోసగిస్తాయి. నమూనాల సంఖ్యను 16,384కు పెంచితే తేడా 3 హెర్ట్జ్ లోపుకు వస్తుంది, గీతలు విడిపోతాయి. దానికి బదులుగా బొమ్మ మారటానికి సెకనులో మూడవ వంతుకు పైగా పడుతుంది. నిలకడగా తిరిగే మోటారుకు ఆ ఆలస్యము లెక్కలోనిది కాదు.

బేరింగు సంగతి. లోపలి గుండ్లు దొర్లే దారిలో బయటి వలయము మీద చిన్న పెచ్చు లేచిందనుకొనండి. ప్రతి గుండూ దాని మీదుగా పోయేటప్పుడు ఒక టక్కుమనే దెబ్బ. ఆ దెబ్బలు సెకనుకు ఎన్నో తెలియటానికి మోటుగా ఒక సూత్రమున్నది. గుండ్ల సంఖ్యను ఇరుసు వేగముతో గుణించి అందులో పదింట నాలుగు వంతులు తీసుకొనవలెను. తొమ్మిది గుండ్లు, 48 చుట్లు అయితే సుమారు 173 హెర్ట్జ్. ఇది చుట్ల సంఖ్యకు సరి గుణిజము కాదు కాబట్టి తక్కిన గీతల మధ్య వేరుగా కనబడుతుంది. కాని నిజము చెప్పవలెనంటే, గాలిలో ఫోను పట్టుకొన్నవానికి మొదటి రోజులలో ఈ గీత దొరకటము అరుదు. ముందుగా కనబడేది పైభాగములో, కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర, మునుపు లేని మసక లేచుట. మా నాన్నగారి మోటారు సన్నని అరుపు ఆ జాతిదే.

వేసవిలో బావినీరు క్రిందికి పోయినప్పుడు పంపు కంకర నమిలినట్లు చప్పుడు చేయటము మీలో చాలామంది వినే ఉంటారు. పంపు నీటిని పీల్చి పైకి తేగల ఎత్తు లెక్క ప్రకారము 10 మీటర్ల చిల్లర, ఆచరణలో ఆరేడు మీటర్లు దాటితే కష్టము. అంతకు మించితే లోపల నీరు ఆవిరిబుడగలై, ఆ బుడగలు ఇంపెల్లరు మీద పగులుతూ లోహాన్ని చిదుకగొడతాయి. తెర మీద దీనికి ఒక గీత అంటూ ఉండదు. కుడివైపంతా గడ్డి మొలిచినట్లు ఒకేసారి పైకి లేస్తుంది. అటువంటి బొమ్మ చూస్తే బేరింగు మార్చవద్దు. పంపును క్రిందికి దింపండి, పీల్చే గొట్టము అతుకులు, ఫుట్‌వాల్వు చూడండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకొంటాను. ఒక రైతుగారి పొలములో ఫోను పెట్టి చూస్తే ఒక గీత కొట్టొచ్చినట్లు లేచి ఉన్నది. ఆ ఎత్తు చూచి బేరింగు పోయిందని ధైర్యముగా చెప్పివేసినాను. ఆయన నా మాట మీద బేరింగులు మార్పించినారు. గీత మాత్రము అట్లాగే ఉన్నది. చివరకు చూస్తే మోటారు వెనుక ఫ్యాను మూతకు ఒక మర వదులై ఆ రేకు గణగణలాడుతున్నది. పావలా పనికి ఆయనకు వందల రూపాయల ఖర్చు పెట్టించినాను. ఆయన పెద్దమనిషి గనుక ఏమీ అనలేదు, నాకు మాత్రము ఆ రోజు అన్నము సహించలేదు.

ఆ తప్పు జరగకుండా ఉండవలెనంటే ఒక సులువైన పరీక్ష ఉన్నది, ఆనాడు నేను అది చేయలేదు. కాలముతో పాటు జరిగే బొమ్మను తెర మీద పెట్టుకొని, మోటారు తిరుగుతూ ఉండగా స్టార్టరు ఆపండి. కరెంటు వల్ల పుట్టిన గీతలు ఆ క్షణమే మాయమవుతాయి. ఇరుసుతో పాటు తిరిగేవాటి గీతలు, అనగా రెక్కలవీ బేరింగువీ, మోటారు నెమ్మదించే కొద్దీ ఏటవాలుగా దిగుతూ ఎడమకు జారుతాయి. వదులు రేకు గీత ఎటూ జారదు. ఉన్నచోటనే ఉండి, వేగము కొంత తగ్గేసరికి చటుక్కున ఆగిపోతుంది, ఎందుకంటే అది రేకు తనంతట తాను మ్రోగే స్వరము. ఈ మూడు నడకలను గుర్తుపట్టుట నాలుగైదుసార్లు చూస్తే పట్టుబడుతుంది. మోనోబ్లాకు మోటారు చాలా త్వరగా ఆగుతుంది గనుక బొమ్మను ఫోటోగా దాచుకొని తీరికగా చూడండి.

ఎవరి మోటారును వారి మోటారుతోనే పోల్చుకొనవలెను. పొరుగువారి బొమ్మతో పోల్చరాదు. మోటారు క్రొత్తదిగా ఉన్నప్పుడో, బాగు చేయించి తెచ్చిన రోజుననో మొదటి బొమ్మ దాచండి. తరువాత పదిహేను రోజులకొకసారి, అదే ఫోనుతో, అదే చోట, జానెడు దూరములో, పొలము నీరు అదే ఎత్తుకు పోతూ ఉండగా మరొకటి తీయండి. ఫోనులో కనబడే డెసిబెల్ అంకెలను నమ్మి వాదించుకోకండి. ఫోను మైకు మన మాటల కోసము చేసినది. లోతైన శబ్దాలను కొన్ని ఫోనులు సరిగా పట్టవు, కొన్ని ఫోనులు హోరును తమంతట తామే తగ్గించివేస్తాయి. ఇరుసు తాలూకు 48 హెర్ట్జ్ గీత కనబడలేదంటే అది లేదని అర్థము కాదు.

బోరులో దింపిన సబ్‌మెర్సిబుల్ మోటార్లకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు. రెండు మూడు వందల అడుగుల లోతు నుంచి పైకి వచ్చేది గొట్టము వెంట వచ్చే అదురు మాత్రమే. వాటికి ఆంపియరు మీటరే దిక్కు.

జాగ్రత్తలు రెండే. ఫోను పట్టుకొని తిరిగే భాగము దగ్గరకు వంగేటప్పుడు భుజము మీది కండువా, చీరకొంగు ముందుగా బిగించుకొనండి. తడిచేతులతో స్టార్టరు పెట్టె ముట్టకండి. బొమ్మ మీద చూపు నిలిచినప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నామో తెలియదు.

శబ్దము పేరు చెప్పి అమ్మే సరుకు కూడా ఒకటి బయలుదేరినది. ఫోనులో ఈ ఆప్ పెట్టుకొంటే మనిషికి వినబడని ధ్వనితో దోమలు పారిపోతాయని ప్రకటనలు వస్తున్నాయి. అటువంటి విద్యుత్ పరికరాల మీద జరిగిన ప్రయోగాలను 2007లో కాక్రేన్ సమీక్షలో పరిశీలించి, దోమకాటు తగ్గినట్లు ఆధారము లేదని తేల్చినారు. ఫోను వినగలదు. తరిమివేయటము దానివల్ల కాదు.

కొబ్బరి తోటలున్నవారు ఒక సంగతి తప్పక అడుగుతారు. ఎర్రముక్కు పురుగు మాను లోపల కొరుకుతూ ఉంటే చెవి ఆనించి వినే అలవాటు మనవారికి ఉన్నదే, ఫోను వినదా అని. వింటుంది, కాని గాలి లేని రాత్రివేళ, మానుకు గట్టిగా ఆనించి పెట్టినప్పుడు. అది గీతగా కాక, ఉండి ఉండి పడే సన్నని చారలుగా కనబడుతుంది. ఆకుల గలగల, పిట్టల ముక్కుపోట్లు కూడా అటువంటి చారలే వేస్తాయి కాబట్టి, మాను మీద రంధ్రాలు, కారే జిగురు, నమిలిన పీచు కనబడితేనే నిశ్చయించుకొనవలెను.

వచ్చే నెల తరగతికి వచ్చేవారు మీ మోటారు బొమ్మలు రెండు తీసుకొని రండి. ఒకటి నడుస్తూ ఉండగా తీసినది, ఒకటి ఆపిన క్షణములోనిది. మోటారు రేకు ఫోటో, ఇంపెల్లరు రెక్కల లెక్క, బేరింగు మీద చెక్కిన నంబరు కూడా కావలెను. అవి లేనిదే బొమ్మ చూచి నేను ఏమీ చెప్పను. ఒకసారి చెప్పి చూచినాను కదా.